పోస్ట్‌ఫిక్స్ సర్వర్‌కు ఆర్‌స్పామ్‌డిని జోడించి స్పామ్ వడపోతను మన అవసరానికి తగ్గట్టు మలచుకోవడం ఎలా?

మెయిల్‌ను పంపి, అందుకునే పోస్ట్‌ఫిక్స్, దానిని వాడుకరుల మెయిల్‌బాక్సులలో ఉంచి చూపించే డవ్‌కాట్‌లతో సొంత మెయిల్ సర్వర్ నడుపుతున్నవారు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: ఆర్‌స్పామ్‌డి అనే స్పామ్ ఫిల్టర్‌ను పెట్టిన మర్నాటి నుంచే రావలసిన మెయిళ్లు కూడా ఆగిపోతున్నాయి, ఎక్కడ పొరబడ్డాం? పొరపాటు సెట్టింగులో కంటే పనుల వరుసలోనే ఎక్కువగా కనబడుతుంది. ఫిల్టర్‌ను పెట్టిన రోజే తిరస్కరించే అధికారం కూడా దానికి ఇచ్చేస్తారు. ముందు దానిని చూడనివ్వాలి, తరువాత గుర్తు వేయనివ్వాలి, మనకు వచ్చే మెయిల్ తీరు దానికి అలవాటయ్యాకే తిరస్కరించనివ్వాలి. కింది మెట్లన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి.

డెబియన్ లేదా ఉబుంటు మీద పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ ఇప్పటికే సరిగ్గా నడుస్తున్నాయని, పోస్ట్‌ఫిక్స్ నుంచి డవ్‌కాట్‌కు మెయిల్ ఎల్ఎంటీపీ అనే అందజేత పద్ధతి ద్వారా చేరుతోందని అనుకొని రాస్తున్నాను. సెట్టింగుల పేర్లను పలికినట్టే తెలుగులో ఇచ్చాను. ఫైలులో అవి ఇంగ్లిషు చిన్న అక్షరాలలో, పదానికీ పదానికీ మధ్య అండర్‌స్కోరుతో ఉంటాయి. లాగ్‌లో కనిపించే సింబళ్ల (అంటే, మెయిల్‌కు స్కోరు వేసే ఒక్కొక్క పరీక్ష గుర్తుల) పేర్లు మాత్రం పెద్ద అక్షరాలలో ఉంటాయి.

## 1. ముందస్తు ఏర్పాట్లు

ఆర్‌స్పామ్‌డి మిల్టర్ పద్ధతిలో పనిచేస్తుంది. అంటే, పంపే సర్వర్ ఇంకా లైనులో ఉండగానే పోస్ట్‌ఫిక్స్ ఆ మెయిల్‌ను 11332 పోర్టుకు చూపించి, ఏం చేయమంటావని అడుగుతుంది. తిరస్కరణ ఆ సంభాషణలోనే జరిగిపోతుంది కనుక, పంపినవారికి వెంటనే తెలుస్తుంది. మెయిల్‌ను తీసుకొని తరువాత తిప్పి పంపడం వల్ల పుట్టే చెత్త ఉండదు.

పని మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

- [ ] పోస్ట్‌ఫిక్స్ మెయిన్, మాస్టర్ ఫైళ్లకూ డవ్‌కాట్ ఫోల్డరుకూ నకళ్లు తీసి పెట్టారు.
- [ ] అమావిస్, స్పామ్‌అసాసిన్ వంటి పాత ఫిల్టర్లు ఉంటే ఆపేసి, వాటికి దారి చూపే కంటెంట్ ఫిల్టర్ వరుసను తీసేశారు.
- [ ] ఆర్‌స్పామ్‌డి తన సమాచారం దాచుకునే రెడిస్ డేటాబేసు 127.0.0.1 (అంటే ఇదే యంత్రం) మీద మాత్రమే వింటోంది, బయటి నుంచి అందడం లేదు.
- [ ] సర్వర్‌లోనే ఒక డీఎన్ఎస్ రిజాల్వర్ (డొమైన్ పేర్ల వివరాలు వెతికి పెట్టే ప్రోగ్రాము) నడుస్తోంది.
- [ ] పరీక్ష మెయిళ్లు పంపడానికి బయట ఒక ఖాతా ఉంది.

వీటిలో నాలుగోదాన్ని చాలామంది దాటవేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. ఆర్‌స్పామ్‌డి బలంలో పెద్ద వాటా, స్పామ్ పంపే ఐపీలు, డొమైన్ల జాబితాలైన బ్లాక్‌లిస్టులది, వాటిని అడిగేది డీఎన్ఎస్ ద్వారానే. మీ సర్వర్ 8.8.8.8 వంటి పబ్లిక్ రిజాల్వర్‌ను వాడుతుంటే, లక్షల మంది ప్రశ్నలతో కలిసి మీ ప్రశ్న కూడా వెళ్తుంది కనుక స్పామ్‌హౌస్ అనే సంస్థ ఉచిత బ్లాక్‌లిస్టులు దానికి అసలు జవాబు ఇవ్వవు; 127.255.255.254 అనే దోష సంకేతం ఇచ్చి ఊరుకుంటాయి. పైకి అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది, స్పామ్ మాత్రం ఆగదు.

అన్‌బౌండ్ అనే రిజాల్వర్‌ను ఇన్‌స్టాల్ చేసి, ప్రశ్నలను మరొకరికి అప్పగించకుండా తానే మూలం నుంచి వెతికేలా ఉంచి, రిజాల్వ్ ఫైలులో నేమ్‌సర్వర్‌గా 127.0.0.1 పెట్టండి. తరువాత డిగ్ కమాండ్‌తో, 2.0.0.127 అనే అంకెల వెనుక చుక్క పెట్టి స్పామ్‌హౌస్ జెన్ జాబితా చిరునామాను చేర్చి అడగండి. జవాబులో 127.0.0.2 కనిపిస్తే దారి తెరిచి ఉన్నట్టే. 127.255 తో మొదలయ్యే అంకె వస్తే, అది సరిచేసేదాకా తరువాతి మెట్టుకు వెళ్లకండి.

## 2. ఆర్‌స్పామ్‌డిని పెట్టడం

ఆర్‌స్పామ్‌డి ప్రాజెక్టు వారి సొంత ప్యాకేజీ రిపాజిటరీ నుంచి ఇన్‌స్టాల్ చేయడం నా సలహా. డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చే వెర్షన్ పాతబడి ఉండవచ్చు.

ఇన్‌స్టాల్ అయ్యాక దాని కాన్ఫిగరేషన్ ఫోల్డరులో బోలెడు ఫైళ్లు కనిపిస్తాయి. వాటిలో దేనినీ నేరుగా మార్చకండి, మారిస్తే ప్రతి అప్‌డేట్‌కూ తలనొప్పే. మీ మార్పులకు రెండు ఫోల్డర్లున్నాయి. లోకల్ డాట్ డి ఫోల్డరులో రాసినది అసలు సెట్టింగులతో కలుస్తుంది. ఓవర్‌రైడ్ డాట్ డి ఫోల్డరులో రాసినది అసలుదాన్ని పక్కకు నెట్టి తానే నిలుస్తుంది. నూటికి తొంభై పాళ్లు మొదటిదే చాలు.

1. లోకల్ డాట్ డి లో రెడిస్ పేరుతో ఒక కాన్ఫ్ ఫైలు తెరిచి, సర్వర్స్ విలువగా 127.0.0.1 ఇవ్వండి. నేర్చుకున్న విషయాలు, గ్రేలిస్టు (అనుమానపు మెయిల్‌ను కాసేపాగి మళ్లీ రమ్మనే ఏర్పాటు), రేటు పరిమితులు అన్నీ రెడిస్‌లోనే ఉంటాయి.
2. ఆర్‌స్పామ్‌ఆడ్మ్ అనే కమాండ్‌కు పీడబ్ల్యూ అని చేర్చి నడిపితే పాస్‌వర్డ్ అడిగి దాని హ్యాష్ ఇస్తుంది. ఆ హ్యాష్‌ను వర్కర్ కంట్రోలర్ ఇన్‌క్ ఫైలులో పాస్‌వర్డ్‌గా పెట్టండి.
3. మిల్టర్ హెడర్స్ ఫైలులో ఎక్స్‌టెండెడ్ స్పామ్ హెడర్స్‌ను ట్రూ చేయండి. ఏ మెయిల్‌కు ఏ స్కోరు ఎందుకు పడిందో మెయిల్‌లోనే కనిపిస్తుంది.
4. ఆర్‌స్పామ్‌ఆడ్మ్ కాన్ఫిగ్‌టెస్ట్ నడపండి. సింటాక్స్ సరిగ్గా ఉందని చెప్పాకే సర్వీసును రీస్టార్ట్ చేయండి.

వెబ్ పేజీ 11334 పోర్టులో ఉంటుంది. దానిని ఇంటర్నెట్‌కు తెరవకండి, ఎస్ఎస్‌హెచ్ టనెల్ ద్వారా చూడండి. అదే యంత్రంలో ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్‌ను ముందు నిలబెట్టి చూపించాలనుకునేవారు ఒక సంగతి గమనించాలి: ఆ వెబ్ పేజీని నడిపే కంట్రోలర్ 127.0.0.1 నుంచి వచ్చినవారిని పాస్‌వర్డ్ లేకుండానే నమ్ముతుంది. అసలు సందర్శకుడి ఐపీని ఎక్స్ ఫార్వర్డెడ్ ఫర్ హెడర్‌లో ముందుకు పంపకపోతే, లోకమంతా మీ ఇంటి మనుషులే అయిపోతారు.

## 3. పోస్ట్‌ఫిక్స్‌కు కలపడం

మెయిన్ ఫైలులో చేర్చవలసినవి మూడే వరుసలు:

1. ఎస్ఎంటీపీడీ మిల్టర్స్: ఐనెట్, 127.0.0.1, 11332. మూడింటి మధ్యా కోలన్ ఉండాలి.
2. నాన్ ఎస్ఎంటీపీడీ మిల్టర్స్: అదే విలువ. సర్వర్ లోపలే పుట్టే మెయిళ్ల కోసం ఇది.
3. మిల్టర్ డిఫాల్ట్ యాక్షన్: ఆర్‌స్పామ్‌డి పలకనప్పుడు ఏం చేయాలో ఇది చెబుతుంది.

మూడోదాని విషయంలో తొందరపడవద్దు. యాక్సెప్ట్ అని పెడితే, ఆర్‌స్పామ్‌డి ఆగిపోయిన సమయంలో మెయిల్ అంతా వడపోత లేకుండా లోపలికి వస్తుంది. టెంప్‌ఫెయిల్ అని పెడితే, పంపే సర్వర్‌కు కాసేపాగి రమ్మని చెబుతుంది. మెయిల్ పోదు, ఆలస్యమవుతుంది. పరీక్ష కాలంలో యాక్సెప్ట్ ఉంచి, స్థిరపడ్డాక టెంప్‌ఫెయిల్‌కు మారడం నా పద్ధతి. ఆర్‌స్పామ్‌డి ఆగిన సంగతి వెంటనే చెప్పే మానిటరింగ్ మీకు లేకపోతే మాత్రం యాక్సెప్ట్‌తోనే ఉండండి.

యునిక్స్ సాకెట్ జోలికి వెళ్లకండి. డెబియన్‌లో పోస్ట్‌ఫిక్స్ భాగాలు చాలావరకు క్రూట్ (ఒక్క ఫోల్డరుకే పరిమితం చేసే కట్టడి) లోపల నడుస్తాయి, అక్కడి నుంచి సాకెట్ దారి కనిపించదు. పోస్ట్‌ఫిక్స్ చెక్, ఆపై పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ నడిపితే ఈ మెట్టు పూర్తవుతుంది.

## 4. మొదటి రెండు వారాలు: చూపు మాత్రమే

ఆర్‌స్పామ్‌డి ప్రతి మెయిల్‌కూ చిన్న చిన్న స్కోర్లు కూడి మొత్తం వేస్తుంది. మామూలుగా 4 దాటితే గ్రేలిస్టు, 6 దాటితే స్పామ్ అన్న హెడర్, 15 దాటితే తిరస్కరణ.

లోకల్ డాట్ డి లోని యాక్షన్స్ ఫైలులో రిజెక్ట్ విలువను 100 చేయండి, యాడ్ హెడర్‌ను 6 దగ్గరే ఉంచండి. గ్రేలిస్ట్ ఫైలులో ఎనేబుల్డ్‌ను ఫాల్స్ చేయండి. ఇక ఏ మెయిలూ ఆగదు, గుర్తు మాత్రమే పడుతుంది.

ఆ తరువాత పరీక్ష. స్పామ్ ఫిల్టర్ల కోసమే తయారుచేసిన జీట్యూబ్ అనే వాక్యం ఒకటుంది. దానిని మెయిల్ ఒంట్లో పెట్టి బయటి నుంచి పంపండి. మీరు రిజెక్ట్‌ను 100 చేసినా సరే ఇది తిరస్కరణకు గురవ్వాలి, ఎందుకంటే దీనికి స్కోరుతో పనిలేదు. పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో మిల్టర్ రిజెక్ట్ అన్న మాట కనిపిస్తే పోస్ట్‌ఫిక్స్, ఆర్‌స్పామ్‌డి రెండూ కలిసినట్టే. ఆపైన మామూలు మెయిల్ ఒకటి పంపి, వచ్చిన మెయిల్ హెడర్లలో ఎక్స్ స్పామ్‌డి రిజల్ట్ ఉందో లేదో చూడండి.

## 5. లాగ్ చదవడం

ఈ రెండు వారాలలో చేయవలసిన అసలు పని ఇదే. రోజూ పది నిమిషాలు వెబ్ పేజీలోని హిస్టరీ చూసి, 4 కంటే ఎక్కువ స్కోరు పడిన అసలు మెయిళ్లను ఏరండి.

నేను చూసుకునే సర్వర్‌లో సుమారు 60 మెయిల్‌బాక్సులున్నాయి. మొదటి వారంలోనే ఒక బ్రాంచి ఆఫీసులోని హాజరు యంత్రం రోజూ సాయంత్రం పంపే నివేదిక 6.2 స్కోరుతో స్పామ్ గుర్తు తెచ్చుకుంది. విడదీసి చూస్తే లెక్క ఇలా ఉంది:

- హెచ్‌ఫిల్టర్ హోస్ట్‌నేమ్ అన్‌నోన్: 2.5. పంపే ఐపీకి నమ్మదగిన పేరు లేదు.
- మిస్సింగ్ ఎంఐడీ: 2.5. మెసేజ్ ఐడీ హెడర్ లేదు.
- ఆర్‌డీఎన్ఎస్ నన్: 1.0. రివర్స్ డీఎన్ఎస్ లేదు.
- మైమ్ హెచ్‌టీఎంఎల్ ఓన్లీ: 0.2. మామూలు పాఠం లేకుండా హెచ్‌టీఎంఎల్ ఒక్కటే ఉంది.

వెర్షన్‌ను బట్టి ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఇలాంటిది చూడగానే మిస్సింగ్ ఎంఐడీ స్కోరును సున్నా చేయాలనిపిస్తుంది. చేయకండి. ఆ ఒక్క యంత్రం కోసం, మెసేజ్ ఐడీ లేకుండా వచ్చే స్పామ్ అంతటికీ తలుపు తీసినట్టవుతుంది. రోగం ఒక చోట ఉంటే మందు అక్కడే వేయాలి. ఎలాగో తరువాతి మెట్టులో ఉంది.

స్కోరు మార్చక తప్పదని తేలితే, లోకల్ డాట్ డి లోని గ్రూప్స్ ఫైలులో ఆ సింబల్ పేరు రాసి కొత్త విలువ ఇవ్వండి. ఒక్కసారికి ఒక్క సింబల్, ఒక్కసారికి ఒక పాయింటుకు మించకుండా మార్చి, మూడు రోజులు చూడండి.

## 6. మన సొంత నియమాలు

### 6.1 నమ్మకస్తుల జాబితా

మల్టీమ్యాప్ మాడ్యూల్ దీనికి ఆయువుపట్టు. ఒక మామూలు టెక్స్ట్ ఫైలులో వరుసకొకటి చొప్పున ఐపీలో, డొమైన్లో, చిరునామాలో రాసి పెడితే, అవి కనిపించినప్పుడు మీరు చెప్పిన స్కోరు కూడుతుంది లేదా తగ్గుతుంది. ఫైలు మారిన సంగతిని ఆర్‌స్పామ్‌డి తానే గమనిస్తుంది, రీస్టార్ట్ అక్కరలేదు.

హాజరు యంత్రానికి ఇలా చేశాను:

1. మల్టీమ్యాప్ ఫైలులో కొత్త సింబల్‌కు పేరు పెట్టి, టైప్‌ను ఐపీ చేశాను.
2. మ్యాప్ దగ్గర టెక్స్ట్ ఫైలు దారి ఇచ్చి, అందులో ఆ బ్రాంచి ఐపీ ఒక్కటే రాశాను.
3. స్కోరు మైనస్ 5 ఇచ్చాను.

మైనస్ 5 చాలు. ఆ ఐపీ నుంచి వచ్చేదంతా ఒప్పుకోమని రాస్తే, రేపు ఆ బ్రాంచి కంప్యూటరుకు వైరస్ పట్టినా ఒప్పుకుంటూనే ఉంటుంది.

పంపినవారి చిరునామాను బట్టి నమ్మకం ఇవ్వాలనుకుంటే మల్టీమ్యాప్ వాడకండి. ఫ్రమ్ హెడర్‌లో ఎవరైనా ఏ పేరైనా రాసుకోవచ్చు. దానికి వైట్‌లిస్ట్ మాడ్యూల్ వేరే ఉంది. మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని తేల్చే ఎస్పీఎఫ్, డీకిమ్ లేదా డీమార్క్ పరీక్ష నెగ్గినప్పుడే అది ఆ డొమైన్‌కు రాయితీ ఇస్తుంది.

### 6.2 తెలుగు మెయిళ్ల సంగతి

సబ్జెక్టులోని మాటలను పట్టుకోవడానికి మల్టీమ్యాప్ టైప్‌ను హెడర్ చేసి, హెడర్‌గా సబ్జెక్ట్ ఇచ్చి, రెజెక్స్‌ప్‌ను ట్రూ చేయాలి. తెలుగు మాటలు రాసేటప్పుడు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ చివర యు అనే ఫ్లాగ్ ఉంచండి.

ఒక చిక్కు ఉంది. «బ్యాంక్‌లో» అన్న మాటను కొన్ని కీబోర్డులు క్, లో మధ్య కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టి రాస్తాయి, కొందరు అది లేకుండా «బ్యాంక్లో» అని రాస్తారు. మీ నియమం ఒక రూపానికే రాస్తే రెండోది జారిపోతుంది. అందుకని ప్రత్యయాల జోలికి పోకుండా మాట మొదలు మాత్రమే పట్టుకోండి: «ఖాతా నిలిపి», «కేవైసీ గడువు» వంటి ముక్కలు చాలు. స్కోరు 2 దాటనివ్వకండి, మీ బ్యాంకు నిజంగానే అలాంటి మెయిల్ పంపవచ్చు.

రెండో చిక్కు చార్ట్‌టేబుల్ మాడ్యూల్‌ది. ఒకే మాటలో రెండు లిపుల అక్షరాలు కలిస్తే అది అనుమానిస్తుంది. రష్యన్ అక్షరాలతో ఇంగ్లిషు బ్రాండు పేర్లు రాసి మోసగించేవారిని పట్టడానికి అది పనికొస్తుంది. మనమేమో ఇంగ్లిషు లిపిలో పీడీఎఫ్ అని రాసి, దానికే ఖాళీ లేకుండా తెలుగు «లు» తగిలిస్తాం. అలాంటి మాటలు ఎక్కువగా ఉన్న మెయిల్‌కు ఆర్ మిక్స్‌డ్ చార్‌సెట్ సింబల్ కింద స్కోరు పడవచ్చు. మీ హిస్టరీలో ఆ సింబల్ అసలు తెలుగు మెయిళ్ల మీద కనిపిస్తుంటే, నేను వద్దన్న పనిని ఇక్కడ మాత్రం నిస్సంకోచంగా చేయండి: గ్రూప్స్ ఫైలులో దాని స్కోరును 1కి దించండి.

## 7. డవ్‌కాట్: జంక్ ఫోల్డరు, నేర్పడం

స్పామ్ గుర్తు పడిన మెయిల్‌లో ఎక్స్ స్పామ్ హెడర్ యెస్ అని ఉంటుంది. దానిని చూసి జంక్‌లో వేసే పని సీవ్ స్క్రిప్టుది.

1. పిజన్‌హోల్ సీవ్ ప్యాకేజీ పెట్టి, ఎల్ఎంటీపీకి సీవ్ ప్లగిన్ చేర్చండి.
2. జంక్ మెయిల్‌బాక్సుకు ఆటో సబ్‌స్క్రైబ్, స్పెషల్ యూజ్ గుర్తు ఇవ్వండి. లేకపోతే ఫోనులోని మెయిల్ యాప్ ఇంకో స్పామ్ ఫోల్డరు తయారుచేసుకుంటుంది.
3. అందరికీ ముందుగా నడిచే సీవ్ బిఫోర్ స్క్రిప్టులో రాయండి: హెడర్ యెస్ అయితే ఫైల్ ఇంటూ జంక్, ఆపై స్టాప్.
4. సీవ్‌సీ కమాండ్‌తో స్క్రిప్టును కంపైల్ చేయండి.

డవ్‌కాట్ 2.4లో సెట్టింగులు రాసే తీరు మారింది. 2.3కు రాసినవి చూసి నకలు దించితే సర్వీసు లేవదు, మీ వెర్షన్ ముందు చూసుకోండి.

ఇక నేర్పడం. వాడుకరి ఒక మెయిల్‌ను జంక్‌లోకి లాగితే స్పామ్ అని, జంక్ నుంచి బయటకు తీస్తే మంచిదని ఆర్‌స్పామ్‌డికి తెలియాలి. ఐమ్యాప్ సీవ్, ఎక్స్‌ట్‌ప్రోగ్రామ్స్ ప్లగిన్లతో ఆ రెండు సందర్భాలకూ రెండు చిన్న స్క్రిప్టులు కడతాం. అవి మెయిల్‌ను ఆర్‌స్పామ్‌సీ లెర్న్ స్పామ్ లేదా లెర్న్ హ్యామ్ కమాండ్‌కు అందిస్తాయి. జంక్ నుంచి ట్రాష్‌కు వెళ్లేదాన్ని మంచి మెయిల్‌గా నేర్పకుండా తప్పించండి. ఈ ఒక్క షరతు మరిచిపోతే, జంక్ ఖాళీ చేసిన ప్రతిసారీ స్పామ్ అంతా మంచిదని నేర్పినట్టే.

నేర్పిన మెయిళ్లలోని మాటలను బట్టి స్పామ్‌ను అంచనా వేసే బేయస్ విభాగం, స్పామ్ 200, మంచివి 200 నేర్చేదాకా నోరు మెదపదు. ఆర్‌స్పామ్‌సీ స్టాట్ అంకెలు చూపుతుంది. వాడుకరుల పాత ఇన్‌బాక్సుల నుంచి మంచి మెయిళ్లు ఎత్తి మీరే నేర్పితే ఆ గడప త్వరగా దాటవచ్చు. «ఇప్పటికే నేర్చుకున్నాను» అన్న అర్థంతో లాగ్‌లో 208 కనిపిస్తే కంగారు పడకండి, అది దోషం కాదు.

మనుషులకూ నేర్పాలి. మా దగ్గర ఒక ఉద్యోగి చదవడం అయిపోయిన సర్క్యులర్లన్నిటినీ జంక్‌లోకి లాగేసేవారు, ఆయన దృష్టిలో అది చెత్తబుట్ట. మూడో వారానికి హెడ్డాఫీసు సర్క్యులర్లు అందరికీ జంక్‌లో పడసాగాయి. లాగ్‌లో బేయస్ స్పామ్ అన్న సింబల్ చూశాకే కారణం తెలిసింది. అవన్నీ తిరిగి మంచివిగా నేర్పి, «జంక్ అంటే చెత్తబుట్ట కాదు» అని అందరికీ రెండు ముక్కలు రాశాను. ఒక్కొక్కరికీ విడి బేయస్ పెట్టే వీలుంది కానీ, చిన్న సర్వర్‌లో ఒక్కొక్కరూ 200 చొప్పున నేర్పడం జరిగే పని కాదు.

## 8. తిరస్కరణకు వెళ్లడం

కింది అన్నిటికీ టిక్కు పడ్డాకే రిజెక్ట్ విలువను 15కు దించండి:

- [ ] వరుసగా పద్నాలుగు రోజులలో ఏ అసలు మెయిల్‌కూ 10 దాటలేదు.
- [ ] జంక్‌లో పడిన అసలు మెయిళ్లన్నిటికీ కారణం తెలుసు.
- [ ] బేయస్ రెండు వైపులా 200 దాటింది.
- [ ] జంక్ ఫోల్డరు అంటే ఏమిటో వాడుకరులకు చెప్పారు.

వారం తరువాత గ్రేలిస్టు తెరవండి. అది అందరినీ ఆపదు, 4 దాటినవారినే దాదాపు ఐదు నిమిషాలు ఆగి రమ్మంటుంది. ఓటీపీ మెయిళ్లు ఆలస్యమవుతున్నాయని ఫిర్యాదు వస్తే, గ్రేలిస్టును తిట్టే ముందు ఆ మెయిల్‌కు 4 ఎందుకు పడిందో చూడండి.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

అందరికీ ఎస్పీఎఫ్ ఫెయిల్ అవుతోంది. డాకర్‌లోనో, ముందు ఇంకో రిలే వెనుకనో పోస్ట్‌ఫిక్స్ నడుస్తోంది. లాగ్‌లో పంపినవారి ఐపీ ప్రతిసారీ 172తో మొదలయ్యే ఒకటే అంకె అయితే ఇదే కారణం. డాకర్ అయితే అసలు ఐపీ లోపలికి అందేలా నెట్‌వర్కును మార్చండి; రిలే అయితే ఎక్స్‌టర్నల్ రిలే మాడ్యూల్ వాడండి. అంతవరకు తిరస్కరణ వద్దు.

ఫైలులో మార్చినా స్కోరు మారడం లేదు. ఎప్పుడో వెబ్ పేజీలో ఆ స్కోరును మార్చి ఉంటారు. అక్కడి మార్పు డేటా ఫోల్డరులోని ఆర్‌స్పామ్‌డి డైనమిక్ ఫైలులో నిలిచి, మీ ఫైలును మించిపోతుంది. స్కోర్లు మార్చడానికి ఫైలో, వెబ్ పేజీయో, ఏదో ఒక్కటే పెట్టుకోండి.

ఒకే మెయిల్ రెండుసార్లు స్కాన్ అవుతోంది. మాస్టర్ ఫైలులో పాత ఫిల్టర్ నుంచి మెయిల్ తిరిగి వచ్చే పోర్టు ఇంకా ఉంది. ఆ సర్వీసు కింద ఎస్ఎంటీపీడీ మిల్టర్స్ విలువను ఖాళీ చేయండి.

మన సర్వర్ నుంచే స్పామ్ వెళ్తోంది. ఎవరిదో పాస్‌వర్డ్ పోయింది. బయటకు వెళ్లే మెయిల్‌ను వడపోత నుంచి పూర్తిగా మినహాయించకండి, రేట్‌లిమిట్ మాడ్యూల్‌లో యూజర్ వారీగా గంటకు ఇన్ని అని పరిమితి పెట్టండి.

నేర్చుకున్నదంతా పోయింది. రెడిస్ మెమరీ నిండి పాతవాటిని తుడిచేసింది, లేదా డిస్కులో దాచకుండానే రీస్టార్ట్ అయింది. మ్యాక్స్‌మెమరీ తగినంత ఇచ్చి, పాలసీని వొలటైల్ టీటీఎల్ చేయండి. స్నాప్‌షాట్ దాచుతోందో లేదో చూడండి. ఆ ఫైలును మీ రోజువారీ బ్యాకప్‌లో చేర్చండి.

## 10. నెలకొకసారి చూడవలసినవి

- [ ] స్పామ్‌హౌస్ పరీక్ష ప్రశ్నకు ఇంకా 127.0.0.2 వస్తోందా? సర్వర్ అప్‌డేట్ తరువాత రిజాల్వ్ ఫైలు పాత స్థితికి పోవడం మామూలే.
- [ ] 15 దాటి తిరస్కరణకు గురైనవాటిలో తెలిసిన డొమైన్లు ఉన్నాయా?
- [ ] మల్టీమ్యాప్ ఫైళ్లలో అవసరం తీరిన ఐపీలు మిగిలాయా? వరుస పైన తేదీ, కారణం రాసి పెట్టుకుంటే తీసేయడానికి చేయి వణకదు.
- [ ] అప్‌డేట్‌కు ముందు కాన్ఫిగరేషన్ నకలు, తరువాత కాన్ఫిగ్‌టెస్ట్ జరిగాయా?
- [ ] జీట్యూబ్ మెయిల్ ఇంకా తిరస్కరణకు గురవుతోందా?